చిల్లర్ ప్లాంటు పగ్గాలు కృత్రిమ మేధకు: కార్యాలయ భవనంలో వాడి చూసిన ఒక సేవపై సమీక్ష

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లోని పెద్ద కార్యాలయ భవనాల యజమానుల దగ్గరకు ఇటీవల తరచుగా వస్తున్న ప్రతిపాదన ఒకటుంది. ఏసీ కోసం నీటిని చల్లబరిచే చిల్లర్లు, ఆ నీటిని తిప్పే పంపులు, దానితో గాలిని చల్లబరిచి అంతస్తులకు పంపే ఏహెచ్‌యూలు, చిల్లర్ల వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్లను ఒకచోట నుంచి నడిపే బీఎంఎస్ (భవన నిర్వహణ వ్యవస్థ) భవనంలో ఇప్పటికే ఉంటుంది. దానిని తీసివేయకుండా, దాని మీద కృత్రిమ మేధతో పనిచేసే మరో పొరను చేరుస్తామని, అది సెన్సర్ల రీడింగులను క్లౌడ్‌కు పంపించుకుని కొద్ది నిమిషాలకొకసారి సెట్‌పాయింట్లను (ఉష్ణోగ్రత, వేగం వంటివి ఎంత ఉండాలో చెప్పే అంకెలను) తానే మార్చుకుంటుందని, దానివల్ల కరెంటు బిల్లు తగ్గుతుందని ఆ సంస్థలు చెబుతాయి. నేను నిర్వహణ బాధ్యత చూస్తున్న బహుళ అంతస్తుల భవనంలో ఇలాంటి సేవను ఒక వేసవిలోనూ ఒక వర్షాకాలంలోనూ నడిపి చూశాం. ఇక్కడ రాసేవన్నీ ఆ అనుభవం నుంచి తేలినవే. వీటిలో చాలా భాగం ఈ తరహా సేవలన్నింటికీ వర్తిస్తుంది కాబట్టి సంస్థ పేరు ప్రస్తావించడం లేదు.

తీర్పు ముందే చెబుతాను. సేవ పనిచేస్తుంది, కానీ బిల్లులో కనిపించే తగ్గుదల అంతా దాని ఘనత కాదు. అందులో గణనీయమైన భాగం, దానిని అమర్చడానికి ముందు తప్పనిసరిగా చేయవలసి వచ్చే మరమ్మతుల వల్ల వస్తుంది. చెడిపోయిన సెన్సర్లు, హ్యాండ్ మోడ్‌లో (మనిషి చేత్తో నడిపే స్థితిలో) మరచిపోయిన వాల్వులు, ఎవరూ లేని అంతస్తులో రాత్రంతా తిరిగే ఏహెచ్‌యూలు సరైతే ఏ మేధా లేకుండానే యూనిట్లు తగ్గుతాయి. కృత్రిమ మేధ తనంతట తాను చేర్చే లాభం అంతకంటే చిన్నది. అయినా అది నిజమైనది, నమ్మదగినది. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగిన యజమానికి ఈ సేవ మంచి కొనుగోలు అవుతుంది, విడదీయలేని యజమాని తన సొంత ప్లాంటు శుభ్రపడినందుకు బయటి సంస్థకు ఏటా రుసుము కడుతూ ఉంటాడు.

మేధ లాభం నిజమైనదని ఎందుకు అంటున్నానో అర్థం కావాలంటే నీటితో చల్లబడే చిల్లర్ ప్లాంటులో ఉండే లాగుడు తెలియాలి. కూలింగ్ టవర్ ఫ్యాన్లను వేగంగా తిప్పితే చిల్లర్‌లో వేడిని వదిలే భాగమైన కండెన్సర్‌కు వచ్చే నీరు చల్లబడి కంప్రెసర్ పని తేలికవుతుంది, కానీ ఫ్యాన్ల కరెంటు పెరుగుతుంది. చిల్లర్ నుంచి బయలుదేరే నీటిని ఒక డిగ్రీ వెచ్చగా ఉంచితే చిల్లర్ వినియోగం సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. అయితే అప్పుడు అంతే చల్లదనానికి ఏహెచ్‌యూలు ఎక్కువ నీటిని అడుగుతాయి, పంపులు ఎక్కువ కష్టపడతాయి, వానాకాలంలో గాలిలోని తేమ సరిగా తీయబడదు. పంపులకూ ఫ్యాన్లకూ మరో గుణం ఉంది. వీఎఫ్‌డీ అనే వేగ నియంత్రణ పరికరంతో వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే అవి తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి ఒక పంపును పూర్తి వేగంతో తిప్పడం కంటే రెండింటిని నెమ్మదిగా తిప్పడం చాలాసార్లు లాభం. వీటన్నిటి మధ్య ఏ గంటకు ఏది సరైన బిందువో బయటి తేమను బట్టి, లోపలి జనాన్ని బట్టి, ఎన్ని చిల్లర్లు నడుస్తున్నాయన్న దాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది.

హైదరాబాద్ వాతావరణంలో ఈ మార్పు బాగా తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (గాలి తేమను బట్టి మారేది, టవర్ నీటిని అంతకంటే చల్లబరచలేదు) చాలా కిందనే ఉండి కూలింగ్ టవర్ తన పని చక్కగా చేస్తుంది. జూలై, ఆగస్టులలో ఎండ తగ్గినా గాలి నిండా తేమ ఉండటంతో అదే టవర్ ఎంత వేగంగా తిరిగినా నీటిని ఒక హద్దు కిందకు దించలేదు, అప్పుడు ఫ్యాన్లను పూర్తిగా తిప్పడం వృథా. మా ప్లాంటులో ఈ సేవ రాకముందు ఏడాది పొడవునా నీటిని 7 డిగ్రీల దగ్గర, టవర్ ఫ్యాన్లను ఒకే సెట్టింగులో ఉంచేవారు. ఆపరేటర్ల అలసత్వం దీనికి కారణం కాదు. పన్నెండు గంటల షిఫ్టులో అలారాలు, ఫిర్యాదులు, నీటి ట్యాంకర్ల లెక్కలు చూసుకునే మనిషి ప్రతి పావుగంటకూ ఇన్ని లెక్కలు కట్టి సెట్టింగు మార్చలేడు. యంత్రానికి సరిగ్గా సరిపోయే పని ఇదే, దీనిని అది మనిషి కంటే బాగా చేసింది.

మరొకటి కూడా మెచ్చుకోవాలి. రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం తెల్లవారేసరికి కాంక్రీటు శ్లాబులలో వేడి పేరుకుని ఉంటుంది, మిగిలిన రోజుల్లో అంత ఉండదు. వ్యవస్థ ఈ తేడాను కొద్ది వారాల్లోనే పట్టుకుని, సోమవారం ముందుగా, మిగిలిన రోజుల్లో ఆలస్యంగా చిల్లర్‌ను ఆన్ చేయడం మొదలుపెట్టింది. వారంలో కొన్ని రోజులే కార్యాలయానికి వచ్చే పద్ధతి స్థిరపడిన తర్వాత మంగళ, బుధ, గురువారాల్లో కిటకిటలాడే అంతస్తు శుక్రవారం బోసిగా ఉంటోంది. పాత టైమర్‌కు ఈ సంగతి తెలియదు.

ఇక అమర్చే దశ. అమ్మకపు ప్రదర్శనలో ఈ దశకు ఒక స్లైడు కంటే ఎక్కువ చోటు ఉండదు. నిజానికి పని అంతా ఇక్కడే ఉంది. భవనాల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి బ్యాక్‌నెట్ అనే ప్రమాణం 1995 నుంచే ఉంది కాబట్టి అనుసంధానం సులభమని చెబుతారు. భాష ఒకటే అయినా పేర్లు ఒకటి కావు. ఒకే రకమైన సప్లై ఎయిర్ ఉష్ణోగ్రతకు మా బీఎంఎస్‌లో అంతస్తుకొక పేరు ఉంది, కొన్నింటికి పేరే లేకుండా అంకె మాత్రమే ఉంది. ఏ పాయింటు (బీఎంఎస్‌లో నమోదైన రీడింగు లేదా ఆదేశం) ఏ పరికరానిదో తేల్చడానికి డ్రాయింగులు చేతపట్టుకుని ప్లాంట్ రూమ్ నుంచి టెర్రస్ దాకా తిరగవలసి వచ్చింది. బీఎంఎస్ అమర్చిన పాత సంస్థ, బయటి వ్యవస్థలు దానితో కలిసే గేట్‌వే తెరవడానికి విడిగా రుసుము అడిగింది. కొత్తగా భవనం కట్టేవారు బీఎంఎస్ ఒప్పందంలోనే పాయింట్ల జాబితా, పాస్‌వర్డులు, అనుసంధాన హక్కు యజమానివే అని రాయించుకుంటే ఈ తంటా మొత్తం తప్పుతుంది.

సెన్సర్ల సంగతి ఇంకా ముఖ్యం. నిజ ఉష్ణోగ్రత కంటే రెండు డిగ్రీలు ఎక్కువ చూపే సెన్సర్‌ను నమ్మి లెక్క కట్టే మేధ, ఆ తప్పును ఎంతో నేర్పుగా, ఎడతెగకుండా అమలు చేస్తుంది. చల్లని నీరు 7 డిగ్రీలకు వెళ్లి 12కు తిరిగి రావలసిన చోట 9కే తిరిగి వస్తున్నదంటే, ఎక్కడో కాయిల్ మురికిపట్టిందనో వాల్వు మూసుకోవడం లేదనో అర్థం. అలాంటప్పుడు సరిపడా చల్లదనం అందించడానికి నీటిని ఎక్కువగా తిప్పవలసి వస్తుంది, ఒక్కోసారి అవసరం లేని రెండో చిల్లర్ కూడా నడుస్తుంది. దీనిని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, బ్రష్షు పట్టుకున్న టెక్నీషియనే బాగుచేయాలి. అయితే ఏ అంతస్తులో ఏ ఏహెచ్‌యూ దోషిదో ఈ సేవ వేలెత్తి చూపింది. నా దృష్టిలో సెట్‌పాయింట్లు మార్చడం కంటే ఈ దోషాల గుర్తింపే దీని గొప్ప ఉపయోగం. తడవకు పది అలారాలు మోగించే పాత బీఎంఎస్‌లా కాకుండా, ఏ దోషం వల్ల ఎన్ని యూనిట్లు పోతున్నాయో అంచనా వేసి, పెద్దదాన్ని ముందు పెట్టి చూపిస్తుంది.

ఇక ఆదా లెక్కలు. కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే కాబట్టి కొంత వివరంగా రాస్తాను. ప్రతి ప్రదర్శనలోనూ వినిపించే 40 శాతం అన్న అంకె 2016లో గూగుల్ ప్రకటించినది. డీప్‌మైండ్ అనే కృత్రిమ మేధ సంస్థ పద్ధతితో తమ డేటా సెంటర్లలో శీతలీకరణకు వాడే విద్యుత్తు అంత తగ్గిందని ఆ సంస్థ చెప్పింది. అది డేటా సెంటర్. అక్కడ పగలూ రాత్రీ భారం దాదాపు ఒకేలా ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుని చలిగా ఉందని ఫోన్ చేసే మనిషి ఉండడు. అదే డీప్‌మైండ్, ఏసీ పరికరాలు తయారుచేసే ట్రేన్ సంస్థతో కలిసి వాణిజ్య భవనాల మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగంలో రెండు చోట్ల వచ్చిన ఆదా సుమారు 9 శాతం, 13 శాతం. న్యూయార్క్ మన్‌హటన్‌లోని 45 బ్రాడ్‌వే అనే 32 అంతస్తుల పాత భవనంలో బ్రెయిన్‌బాక్స్ ఏఐ సేవతో ఏసీ సంబంధిత విద్యుత్తు 15.8 శాతం తగ్గిందని ప్రకటించారు. కార్యాలయ భవనం వాడు 40ని మరచిపోయి ఈ అంకెలను మనసులో పెట్టుకోవాలి. పైగా ఇవి శీతలీకరణ వినియోగంలో శాతాలు, మొత్తం బిల్లులో కావు. ఏసీ వాటా బిల్లులో సగం ఉంటే, అందులో 10 శాతం తగ్గడం అంటే బిల్లులో 5 శాతం తగ్గడమే. మరమ్మతుల వల్ల వచ్చిన తగ్గుదలను పక్కకు తీసివేసి చూస్తే మా భవనం లెక్క కూడా ఈ మితమైన అంకెలకే దగ్గరగా నిలిచింది.

ఆదాలో వాటా తీసుకునే పద్ధతిలో ఒప్పందం చేసుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆదా ఎంతో లెక్కించేది ఆ సంస్థ సాఫ్ట్‌వేరే అయితే అది అమ్మేవాడే తూకం కూడా వేసుకున్నట్టు అవుతుంది. గత ఏడాది అదే నెల బిల్లుతో పోల్చి చూపే పట్టిక ఎంత అందంగా ఉన్నా దానికి విలువ లేదు. ఆ నెలలో ఎండ ఎంత, వాన ఎంత, ఎన్ని అంతస్తులు ఖాళీగా ఉన్నాయి అన్నవి సరిచేయాలి. ఇందుకు ఐపీఎంవీపీ అనే అంతర్జాతీయ నియమావళి ఉంది, దానిని ఒప్పందంలో పేరుపెట్టి రాయించాలి. మేము కోరిన మరో షరతు ఇంకా తేలికైనది, ఇంకా నిక్కచ్చైనది: ఒక వారం కృత్రిమ మేధ నడపాలి, తర్వాతి వారం శుభ్రపరచిన పాత పద్ధతే నడవాలి, ఇలా మార్చి మార్చి కొన్ని నెలలు చూడాలి. ప్లాంటుకు విడి విద్యుత్ మీటరు, నీటి ప్రవాహాన్నీ ఉష్ణోగ్రత తేడానూ కొలిచే బీటీయూ మీటరు ఉంటే ఒక టన్ను చల్లదనానికి గంటకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో నేరుగా తెలుస్తుంది. నీటితో చల్లబడే మంచి ప్లాంటులో పంపులు, టవర్లతో కలిపి ఇది 0.7 చుట్టుపక్కల ఉండాలి, నిర్లక్ష్యానికి గురైన చోట 1 దాటిపోతుంది. ఈ మీటర్లు లేని భవనం ముందు వాటిని కొనాలి, సేవ సంగతి తర్వాత ఆలోచించాలి.

డ్యాష్‌బోర్డులో నీటి లెక్క లేకపోవడం నాకు పెద్ద లోపంగా కనిపించింది. ఒక టన్ను చల్లదనానికి కూలింగ్ టవర్‌లో గంటకు సుమారు 6 లీటర్ల నీరు ఆవిరవుతుంది, లవణాలు పేరుకోకుండా వదిలేసే నీరు దానికి అదనం. వేసవిలో ట్యాంకర్ల మీద ఆధారపడే ఈ ప్రాంతంలో యూనిట్లను మాత్రమే చూసి నీటిని చూడని వ్యవస్థ సగం లెక్కే చేస్తున్నట్టు.

ప్లాంట్ రూమ్‌లో పనిచేసేవారి విషయంలో ఈ సేవ నన్ను నిరాశపరచింది. రాత్రి షిఫ్టులో ఉండే ఆపరేటర్లు ఐటీఐ చదివి, ఏళ్ల తరబడి చిల్లర్ శబ్దం వింటూ పని నేర్చుకున్నవారు. తెల్లవారుజామున వ్యవస్థ ఒక పంపును ఆపి మరో రెండింటిని తక్కువ వేగంతో నడిపితే, ఎందుకలా చేసిందో వారికి తెలియాలి. తెర మీద వచ్చే వివరణ ఇంగ్లీషులో, అదీ గణాంక శాస్త్ర పదాలతో ఉంటుంది. అర్థం కాని నిర్ణయాన్ని బాధ్యత గల ఆపరేటర్ హ్యాండ్ మోడ్‌లోకి మార్చేస్తాడు. అది మొండితనం కాదు, చిల్లర్ ట్రిప్ అయితే జవాబు చెప్పుకోవలసినది అతనే. మా దగ్గర తొలి నెలల్లో ఆదా నిలకడగా రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఆపరేటర్లను కూర్చోబెట్టి, వ్యవస్థ తీసుకునే సాధారణ నిర్ణయాలను తెలుగులోనూ హిందీలోనూ రాసి ప్లాంట్ రూమ్ గోడకు అంటించిన తర్వాత హ్యాండ్ మోడ్ వాడకం బాగా తగ్గింది. ఈ పని సేవ అందించే సంస్థ చేయాలి, వారు అడిగే రుసుములో ఇది భాగం కావాలి. ఆపరేటర్ ఒక్క మీట నొక్కి పాత పద్ధతికి వెళ్లే వీలు, ఇంటర్నెట్ తెగితే బీఎంఎస్ తనంతట తాను నడిచే వీలు మాత్రం వీరు చక్కగా ఇచ్చారు. టెలికాం కేబుల్ తెగిన రోజున ప్లాంటు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

భవనంలో కూర్చునే మనుషుల వైపు నుంచి చూస్తే రెండు విషయాలు. మొదటిది తాజా గాలి. బయటి వేడి గాలిని తక్కువగా లోపలికి తెస్తే కరెంటు తగ్గుతుంది కాబట్టి, ఆదా ఒక్కటే లక్ష్యంగా ఇచ్చిన వ్యవస్థ ఆ వైపే మొగ్గుతుంది. సమావేశ గదిలో కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ చెడి తక్కువ చూపిస్తే లోపల ఉన్నవారికి తలనొప్పి, మగత తప్పవు. తాజా గాలికి కనీస హద్దును బీఎంఎస్‌లోనే బిగించి, దాని కిందకు వెళ్లే అధికారాన్ని కృత్రిమ మేధకు ఇవ్వకూడదు. దీనిలో బేరానికి తావు లేదు. రెండోది ఉష్ణోగ్రత. శాలువా కప్పుకుని పనిచేసే ఉద్యోగినులు ప్రతి కార్యాలయంలోనూ కనిపిస్తారు. మన వాతావరణానికి అలవాటుపడిన శరీరాలకు 22 డిగ్రీలు అక్కర లేదని అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దేశవ్యాప్తంగా కార్యాలయాల్లో అడిగి రూపొందించిన సౌఖ్య నమూనా చెబుతోంది, 2016 నాటి జాతీయ భవన నియమావళిలో అది చేరింది కూడా. 24, 25 డిగ్రీలకు సెట్‌పాయింట్ పెంచడానికి మేధ అవసరం లేదు, అద్దెదారులతో మాట్లాడే ఓపిక కావాలి.

ఈ సేవతో పాటు అమ్మజూపే మరో భాగం, ఏ కుర్చీలో ఎవరున్నారో పసిగట్టే కెమెరాలు, మొబైల్ యాప్. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2014లో పూర్తయిన ది ఎడ్జ్ భవనాన్ని దీనికి ఆదర్శంగా చూపిస్తారు. సుమారు 28,000 సెన్సర్లతో, బ్రీమ్ అనే హరిత భవనాల మదింపులో 98.36 శాతం మార్కులతో అది పేరు పొందిన మాట నిజం. అక్కడ యాప్ ఉద్యోగికి ఆ రోజు ఖాళీగా ఉన్న బల్లను వెతికి పెడుతుంది. కానీ ఏసీని నడపడానికి అంతస్తులో సుమారు ఎంతమంది ఉన్నారో తెలిస్తే చాలు, ఫలానా మనిషి ఎన్ని గంటలకు లేచి వెళ్లాడో తెలియనవసరం లేదు. గేటు దగ్గర కార్డు లెక్కలను పేర్లు తీసివేసి ఇస్తే ఆ అవసరం తీరిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉన్న రోజుల్లో అంతకు మించిన సమాచారాన్ని పోగుచేయడం యజమానికి అనవసర భారం. మేము ఆ భాగాన్ని తీసుకోలేదు.

భద్రత గురించి ఒక మాట. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల సంస్థ నుంచి సుమారు 4 కోట్ల చెల్లింపు కార్డుల వివరాలు దొంగిలించినవారు మొదట చేజిక్కించుకున్నది ఏసీ పనులు చేసే ఒక కాంట్రాక్టరు లాగిన్ వివరాలను. అందుచేత బీఎంఎస్ నెట్‌వర్కును అద్దెదారుల నెట్‌వర్కు నుంచి పూర్తిగా వేరు చేయాలి, బయటి సంస్థకు ఇచ్చే ప్రవేశం ఒకే గేట్‌వే ద్వారా, లాగ్ నమోదయ్యేలా ఉండాలి.

హైదరాబాద్ వారు దూరం వెళ్లకుండానే చూడదగిన ఉదాహరణ పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఉంది. 2011లో వాడకంలోకి వచ్చిన అక్కడి ఒక భవనాన్ని రెండు సమాన భాగాలు చేసి, ఒక సగంలో మెరుగుపరచిన మామూలు ఏసీని, రెండో సగంలో శ్లాబులోని గొట్టాల గుండా చల్లని నీటిని పంపే రేడియంట్ పద్ధతిని పెట్టి, విడి మీటర్లతో పోల్చారు. తొలి ఏడాదిలో రేడియంట్ సగం ఏసీ విద్యుత్తును సుమారు 34 శాతం తక్కువ వాడింది. నీడ, గోడ, గొట్టం, పంపు సరిగా కుదిరితే వచ్చే ఆదా ఇది. పడమటి ఎండకు అద్దాన్ని ఒడ్డి కట్టిన భవనంలో ఆ తర్వాత ఎంత మేధ పెట్టినా దీని దరిదాపులకు రావడం కష్టం.

కాబట్టి ఎవరు కొనాలి? నీటితో చల్లబడే పెద్ద ప్లాంటు, పనిచేసే బీఎంఎస్, వీఎఫ్‌డీలు, మీటర్లు ఉన్న కార్యాలయ భవనాలు, మాల్స్, ఆసుపత్రులు దీనిని నిస్సందేహంగా పరిశీలించవచ్చు. ఆసుపత్రులలో మాత్రం ఆపరేషన్ థియేటర్లను, ఐసీయూలను దీని పరిధికి బయట ఉంచాలి. స్ప్లిట్ ఏసీలతో, చిన్న వీఆర్‌ఎఫ్ యూనిట్లతో (ఒకే బయటి యూనిట్‌తో పలు గదులను చల్లబరిచేవి) నడిచే భవనాలకు ఈ ఖర్చు తిరిగి రాదు, వాటికి మంచి టైమర్లు, క్రమం తప్పని సర్వీసింగ్ చాలు. కొనేవారు రుసుమును ఏడాదికొకసారి సమీక్షించుకునే వీలు పెట్టుకోవాలి, ఎందుకంటే మొదటి ఏడాది దొరికే దోషాలు రెండో ఏడాది అన్ని ఉండవు. సేవ ఆపేసిన రోజున అప్పటివరకు పోగైన రీడింగులన్నీ ఎక్సెల్‌లో తెరుచుకునే రూపంలో యజమానికి తిరిగి ఇవ్వాలన్న షరతు కూడా ఉండాలి. మా మొదటి ముసాయిదాలో అది లేదు, అడిగి చేర్పించాం. చిల్లర్ ప్లాంటు, ఏహెచ్‌యూల వరకే పరిమితం చేసి, ఆపరేటర్ల శిక్షణను రాతపూర్వకంగా చేర్చి, ఒప్పందాన్ని మరో ఏడాదికి పొడిగించాం.